నర్సాపూర్ రోడ్డు మీద రూపాయి

బాలానగర్ చౌరస్తాలో మొదలై చింతల్, షాపూర్‌నగర్, సూరారం, గండిమైసమ్మ, దుండిగల్, గుమ్మడిదల, నర్సాపూర్ మీదుగా మెదక్ చేరే దారిని జనం నర్సాపూర్ రోడ్డంటారు. ఔటర్ రింగు రోడ్డు దాటాక సర్కారు కాగితాల్లో దీని పేరు 765డి జాతీయ రహదారి. పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరగల దూరమే కాబట్టి లాడ్జి ఖర్చు ఉండదు. అయినా ఉదయం లెక్కేసుకున్న మొత్తం సాయంత్రానికి చాలదు. ఇంత చిన్న దారిలోనే డబ్బు చెల్లే పద్ధతి నాలుగైదు చోట్ల మారుతుంది. ఆ మలుపులు ఎరిగినవాడికి ఖర్చు అదుపులో ఉంటుంది.

సూరారం దాకా ఇది పరిశ్రమల దారి. ఐడీపీఎల్ మందుల కర్మాగారం కాలం నుంచి షిఫ్టుకు పోయేవాళ్ళు, వచ్చేవాళ్ళు బస్సులు నింపుతూనే ఉన్నారు. వాళ్ళతోపాటు దుండిగల్ వైపు ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు. ఈ బస్సులో డబ్బు చాలావరకు ముందే చెల్లిపోయి ఉంటుంది. పిల్లల దగ్గర నెలవారీ పాసు. ఆడవాళ్ళకు 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం కింద జీరో టికెట్. రోజంతా సిటీలో తిరిగేవాళ్ళకు టీ-24 టికెట్ ఉంది, ఒకసారి కొంటే ఇరవై నాలుగు గంటలు చెల్లుతుంది. ఇవేవీ లేనివాడి చేతిలో మాత్రం అయిదు వందల నోటు. కండక్టర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "చిల్లర లేదా అన్నా?" అంటాడు. లేదంటే టికెట్ వెనక బాకీ రాసిచ్చి, "దిగేటప్పుడు తీస్కో" అంటాడు. ఆ రాతను మరిచి దిగిపోయేవాళ్ళు చాలామంది. టికెట్ మీద అయిదు రూపాయలు ఎలా మిగల్చాలా అని ఆలోచించిన మనిషే నాలుగు వందల పైచిలుకు బస్సులో వదిలేస్తాడు. అందుకే మొదటి ఏర్పాటు ఇంటి దగ్గరే జరగాలి: పదులు, ఇరవైలు పై జేబులో, పెద్ద నోట్లు లోపల.

గండిమైసమ్మ చౌరస్తా ఈ దారికి గుమ్మం. ఇటు మియాపూర్, అటు మేడ్చల్, ఎదురుగా నర్సాపూర్. సిటీ బస్సు లోకం ఇక్కడిక్కడే పలచబడి జిల్లా బస్సుల లోకం మొదలవుతుంది. టీ-24 సిటీ సర్వీసులకే పనికొస్తుంది, మెదక్ బస్సులో చూపిస్తే చెల్లదు. జీరో టికెట్ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో చెల్లుతుంది కానీ డీలక్స్‌లో చెల్లదు. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డూ చూపాలి. ఆలుమగలు కలిసి బయల్దేరితే, ముందొచ్చిన డీలక్స్ ఎక్కడమా, వెనక వచ్చే ఎక్స్‌ప్రెస్ కోసం ఆగడమా అన్నది ఒక పూర్తి టికెట్ విలువ చేసే నిర్ణయం. తొందర ఖరీదు ఈ చౌరస్తాలో రూపాయల్లోనే కనబడుతుంది.

దుండిగల్‌లో రోడ్డు పక్కన వైమానిక దళ అకాడమీ. 1971 నుంచి ఇక్కడ శిక్షణ సాగుతోంది. ఏటా రెండుసార్లు జరిగే శిక్షణ ముగింపు పరేడ్‌కు దేశం నలుమూలల నుంచి తల్లిదండ్రులు వస్తారు. దగ్గర్లోనే ఔటర్ రింగు రోడ్డు. 158 కిలోమీటర్ల ఈ వలయాన్ని 2023లో రాష్ట్ర ప్రభుత్వం ముప్ఫై ఏళ్ళకు ఒక కంపెనీకి లీజుకిచ్చింది, 7,380 కోట్లకు. పైన కార్లు ఫాస్టాగ్‌తో టోల్ కట్టుకుంటూ పోతాయి. ప్రధాన రోడ్డు మీదికి బైకును, ఆటోను రానివ్వరు. తక్కువ డబ్బుతో తిరిగేవాడికి ఔటర్ దాటాల్సిన వంతెనే తప్ప ఎక్కాల్సిన రోడ్డు కాదు.

దుండిగల్‌కు తూర్పున మేడ్చల్ మీదుగా పాత నాగపూర్ దారి సాగుతుంది. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న కాశీకి బయల్దేరి, హైదరాబాదు దాటి నాగపూర్ వైపు సాగాడు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్ర చదివితే భక్తితోపాటు ఖర్చు లెక్క కూడా కనబడుతుంది. ఏ మజిలీలో ఏ సరుకు దొరుకుతుంది, ఎక్కడ సుంకం అడుగుతారు, ఏ సీమలో ఏ నాణెం చెల్లుతుంది అని వెనక వచ్చేవాళ్ళ కోసం రాసుకుంటూ పోయాడు. ఆయన కాలంలో పాలకుడు మారితే నాణెం మారేది. ఇవాళ దేశమంతా ఒకటే రూపాయి. కానీ పాసు, జీరో టికెట్, ఫోను, చిల్లర అని అది ఒక్కో మజిలీలో ఒక్కో వేషం వేస్తుంది. వీరాస్వామి పద్ధతి ఇంకా పనికొస్తుంది: చోటును బట్టి లెక్క రాసుకోవడం.

గుమ్మడిదల దాటాక నర్సాపూర్ అడవి. రోడ్డు పక్కన కాల్చిన మొక్కజొన్న కంకులు, చాయ్, ఆ ముందు రాయరావు చెరువు. ఇక్కడ పోయేవన్నీ చిన్న మొత్తాలే, అందుకే లెక్కకు రావు. ఫోన్‌తో స్కాన్ చేసేటప్పుడు చేతి నుంచి డబ్బు పోతున్నట్టే అనిపించదు. దానికి మందు ఫోన్‌లోనే ఉంది. యూపీఐ లైట్‌లో ఆ రోజుకు అనుకున్న మొత్తాన్ని ఉదయమే వేసుకుని, ఆటో టాప్-అప్ ఆపేసి, చిల్లర ఖర్చంతా దాంట్లోంచే పెట్టాలి. ఒక్కో చెల్లింపు వెయ్యి దాకా, మొత్తం అయిదు వేల దాకా అందులో ఉంచుకోవచ్చు, పిన్ అక్కర్లేదు. వేసుకున్నది అయిపోతే ఆ రోజు చాయ్ ఖాతా అయిపోయినట్టే. అయినా ఫోన్ చార్జింగ్ అయిపోతుంది, సిగ్నల్ ఆడదు. లోపలి జేబు నోట్లు అప్పటికి.

మెదక్ చేరితే ఏటీఎం లెక్క కూడా మారుతుంది. వేరే బ్యాంకు ఏటీఎంలో హైదరాబాదులాంటి మెట్రోల్లో నెలకు మూడు లావాదేవీలు ఉచితం, బయట అయిదు. ఆపైన ప్రతిదానికీ 2025 మే నుంచి 23 రూపాయల దాకా వేస్తారు. నిల్వ చూసుకోవడం కూడా ఒక లావాదేవీయే. ఇక్కడి చర్చిదీ ఒక కూలి లెక్క కథే. అది 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రార్థనలకు తెరుచుకుంది. కరవులో ఆకలితో ఉన్నవాళ్ళకు పని చూపి తిండి పెట్టేందుకు మిషనరీ పాస్నెట్ దొర ఈ కట్టడం చేపట్టాడని చెబుతారు. కూలి చేతికి నాణెంగా కాక గింజగా ముట్టిన రోజులవి. రంగు అద్దాల కిటికీల అందం పగటి వెలుతురులోనే తెలుస్తుంది, కాబట్టి పొద్దుండగానే చేరాలి.

అసలు పరీక్ష మెదక్ దగ్గరి ఏడుపాయలలో. మంజీర ఏడు పాయలుగా చీలే చోట వనదుర్గ భవాని గుడి. బస్సు దిగిన దగ్గర్నుంచి ఆటోవాడి మాటే ధర. "వాపస్ ఖాళీగ రావాలె సార్" అన్న అతని మాట అబద్ధం కాదు. ఖాళీగా తిరిగొచ్చే పెట్రోలు కూడా మన కిరాయిలోనే ఉంటుంది. పోను రాను కలిపి ఒకటే ధర మాట్లాడుకుంటేనో, మరో కుటుంబంతో కలిసి ఎక్కితేనో ఆ భారం తగ్గుతుంది. శివరాత్రి జాతరకు ఆర్టీసీ ప్రత్యేక బస్సులు నడుపుతుంది కాబట్టి ఆటో బేరమే తప్పుతుంది, వానాకాలంలో మంజీర పొంగితే గుడి దాకా పోవడమే కుదరదు.

తిరుగు దారికి రెండు తలుపులున్నాయి. ఒకటి వచ్చిన రోడ్డే. రెండోది 2022 సెప్టెంబరులో మొదలైన మెదక్ రైలు, అక్కన్నపేట, మేడ్చల్ మీదుగా కాచిగూడకు పోయే ప్యాసింజర్. దాని టికెట్ బస్సు కన్నా చవక, కాకపోతే వేళకు మనమే లోబడాలి. మెదక్‌లో దిగగానే చివరి బస్సు వేళ, రైలు వేళ రెండూ అడిగి పెట్టుకోవాలి. తిరుగు చార్జీ పొద్దుననే పక్కన పెట్టి, ఇంటికి చేరేదాకా దాన్ని లేని డబ్బుగా చూడాలి. చివరి బస్సు తప్పితే లాడ్జి గదికో అద్దె కారుకో అయ్యే ఖర్చు, రోజంతా బేరమాడి మిగిల్చినదాన్ని ఒక్క దెబ్బకు మింగేస్తుంది.