మెదడులోని కావలివారు

వార్ధక్యమున మరపు సహజమని మన యిండ్లలో ననుకొనుట వాడుక. కళ్ళజోడు నుదుటిమీద నుంచుకొని యిల్లంతయు వెదకుట యెల్లరకును గలదే. కాని యిప్పుడే భుజించి లేచిన పెద్దలు తమకెవ్వరును అన్నము పెట్టలేదని కంట నీరు పెట్టుకొనుట అట్టిది కాదు.

మా అత్తగారు గోదావరితీరమునుండి మాదాపూరులోని మా యింటికి వచ్చి నాలుగేండ్లయినది. 1998లో సైబర్ టవర్సు వెలసినది మొదలు ఈ ప్రాంతము హైటెక్ సిటీ యైనది. పదునాలుగవ అంతస్తున వీధియరుగు లేదు, పలుకరించు ఇరుగుపొరుగును తక్కువే. ‘మా యింటికి బోయెదను’ అని వారు దినమునకు పదిమార్లనుచుండగా, బంధువులు కొందఱు బెంగ యనిరి, కొందఱు పంతమనిరి. వైద్యుడు అల్జీమర్స్ అని నిర్ణయించెను.

1906లో జర్మనీ వైద్యుడు ఆలోయిస్ అల్జీమరు, 55 ఏండ్లకే మరణించిన యొక స్త్రీ మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందు వింత ముద్దలను గాంచెను. అవి అమిలాయిడ్ అను మాంసకృత్తు పేరుకొని యేర్పడునవి. మెదడున మైక్రోగ్లియా అను సూక్ష్మకణములు గలవు. 1919లో స్పెయిను శాస్త్రజ్ఞుడు రియో ఓర్తెగా వీనిని వేఱుగా గుర్తించి పేరిడెను. కావలి కాయుటయు, చెత్త యూడ్చుటయు వీని పని. అమిలాయిడ్ ముద్దలను చుట్టుముట్టి మ్రింగజూచునవి యివియే. ఆ పని యేండ్లతరబడి తెమలకున్న నవి నిరంతరము రేగియుండి, వాపు గలిగించు ద్రవ్యములను వెలువరించును. నాడీకణములు ఒకదానితో నొకటి కలియు సంధులను గూడ నివి కబళించునని 2016లో ఎలుకలయందు గనిపెట్టిరి. తాలు చెఱుగబోయి బియ్యము పాఱబోసినట్లన్నమాట! ఈ కణములకు వలయు ట్రెమ్-2 అను జన్యువున నొక అరుదైన మార్పు గలవారికి ఈ రోగభయము సుమారు మూడింతలని 2013లో తేలినది. కావలివారు సరిగా పనిచేయకున్నను ముప్పే, మితిమీఱినను ముప్పే.

లోపల నింత యుద్ధము జరుగుచుండగా, అడిగినదే యడుగువారిపై విసుగుకొని యేమి లాభము? ‘అత్తయ్యగారూ, భోజనముచేసి పోదమండి’ అందును. ‘సరే’ యని కూర్చుందురు. అబద్ధమని మా ఆడపడుచు నొచ్చుకొనును; నాకు మాత్రమట్లు తోచదు.

మెదడున రోగము చొచ్చిన పెక్కేండ్లకు గాని మరపు బయటపడదు. ఆ గడువు అందఱికి నొక్కటి కాదు. మన నిమ్సు ఆసుపత్రిలో డాక్టరు సువర్ణ అల్లాడిగారును సహచరులును 648 మంది మతిమరపు రోగులను పరిశీలించి 2013లో ప్రకటించినదేమనగా, రెండు భాషలు మాటలాడువారికి రోగలక్షణములు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా గనబడినవి. అక్షరము రానివారియందును ఈ భేదము గలదు. కూరలమ్ముకొనువారును తెలుగు, ఉర్దూ కలిపి మాటలాడు పట్టణమున గదా యిది తెలియవలసినది!

అయినను మరపంతయు నీ రోగమే కాదు. థైరాయిడ్ మాంద్యము, బి12 విటమిను కొఱత, మనోవ్యాకులత యివియు మరపు గలిగించును. వీనికి చికిత్స గలదు. కావున ‘వయసు మీఱినది’ అని యూరకుండక, మొదట నెత్తురు పరీక్ష చేయింపుడు.