నింగి కెక్కిన వంటయిల్లు

ఇల్లు మాఱినంత మాత్రమున ఇంటి యలవాట్లు మాఱవు. పల్లె విడిచి పట్టణము చేరినవారు తమ పాత పద్ధతులను గూడ పెట్టెలలోని బట్టలతోపాటు మోసికొనిపోవుదురు. మనుష్యుడు భూమినే విడిచిపోయినను ఈ మాట చెల్లునని తెలుపు వృత్తాంత మొకటి కలదు. అది చిన్నదే యైనను, మన గృహములకు మిక్కిలి సన్నిహితమైనదగుటచే మా చదువరుల యెదుట నుంచుచున్నాము.

1982వ సంవత్సరము ఏప్రిల్ నెలలో సోవియట్ ప్రభుత్వమువారు సల్యూత్-7 అను నివాసకేంద్రమును అంతరిక్షమునకు పంపిరి. అది సుమారు గంటన్నర కొకమారు భూమిని చుట్టివచ్చుచుండెను. మే నెలలో అనతోలీ బెరెజొవోయ్, వాలెంతీన్ లెబెదెవ్ అను నిద్దఱు వ్యోమగాములు అందు కాపురము ప్రారంభించిరి. ఆగస్టు 19వ తేదీన బైకనూరునుండి సొయూజ్ టీ-7 అను నౌక ముగ్గురితో బయలుదేఱెను. వారిలో లెయొనీద్ పొపోవ్, అలెగ్జాండర్ సెరెబ్రోవ్ పురుషులు. మూడవ వ్యక్తి స్వెత్లానా సవిత్‌స్కయా యను స్త్రీ. మఱునాడు నౌక కేంద్రముతో కలిసికొనెను. నడిమి ద్వారము తెఱవబడగా అతిథులు మువ్వురును గాలిలో తేలుచు లోనికి వచ్చిరి.

ఈమె సామాన్యురాలు కాదు. బాల్యము దాటకమునుపే పారషూటుతో దుముకుటలో ఖ్యాతి గడించినది. విమానమును తలక్రిందులుగా త్రిప్పు విన్యాసములందు 1970లో ఇంగ్లండున జరిగిన ప్రపంచపోటీలో స్త్రీలలో ప్రథమస్థానము నందినది. కొత్త విమానములను పరీక్షించి నడపు వృత్తి నవలంబించినది. అట్టి యామెకు ఆ నింగిలోని యింటివారు ఇచ్చిన కానుక యేమి? వంటవేళ బట్టలు మాయకుండ ముందువైపు కట్టుకొను ఏప్రను. పువ్వుల అచ్చుగల నీలపు గుడ్డ. నీవు విమానము నడపుదానవైనను, వ్యోమగామివైనను, మొదట స్త్రీవే కావున, ఈ దినము మాకు ఇల్లాలివై విందు నడపుమని వారు కోరినట్లు లెబెదెవ్ తన దినచర్యలో వ్రాసికొనియున్నాడు.

వారు దుర్జనులని మేము చెప్పబోము. వారములతరబడి క్రొత్త మనుష్యముఖమునకు మొగమువాచియున్నవారు. వచ్చిన యతిథులను చూచి సంతోషించి, నవ్వులకై చేసిన పనియే కావచ్చును. కాని చిక్కంతయు ఈ సంతోషముననే యున్నది. తిరస్కారమైనచో ఎదిరింపవచ్చును; ప్రేమతో కట్టబోయిన గుడ్డను త్రోసివేయుట యెట్లు? త్రోసివేసినచో, పాపము వారంత ఆదరముతో నిచ్చిరే, ఈమెకు సరసము తెలియదని లోకమే నిందించును.

మఱియు, అచట వండవలసినదేమి? ఆహారమంతయు డబ్బాలలోను పొట్లములలోను సిద్ధముగా నుండెను. కొంచెము వెచ్చచేయుట, కొన్నింట నీరు పోయుట, ఇంతియే. ఆ పురుషులిద్దఱును మూడు నెలలుగా ఎవరి సాయమును లేక దానిని చక్కగా చేసికొనుచుండిరి. స్త్రీ యొకతె గడప దాటి రాగానే, నిన్నటిదాక తమదైన పని యామె పనియైనది!

మన యిండ్లలో నిట్టి మాటలు వినబడుట లేదా? "మా కోడలు పెద్ద ఉద్యోగమే చేయునండి, అయినను వంట తానే చేయును" అని యత్తగారు పొరుగువారితో గర్వముగా చెప్పును. కుమారుని గూర్చి యిట్టి మాట యెవరైన చెప్పుదురా? ఉద్యోగము కోడలికి అదనపు నగయైనది. వంట మాత్రము ఆమె దేహముతో పుట్టినదిగా నెన్నబడుచున్నది.

2000వ సంవత్సరము నవంబరునుండి అంతర్జాతీయ అంతరిక్షకేంద్రమున మనుష్యులు ఎడతెగక నివసించుచున్నారు. అచట వారాంతమున గోడలు తుడుచుట, దుమ్ము తీయుట మొదలగు శుభ్రపఱచు పనులకు వేళ నిర్ణయింపబడియున్నది. ఆ పనులు స్త్రీలును పురుషులును పంచుకొందురు. నాయకత్వము వహించినవారును మినహాయింపు కోరరు. 2007లో పెగ్గీ విట్‌సన్ అను నామె ఆ కేంద్రమునకు ప్రథమ నాయకురాలయ్యెను. దీనినిబట్టి మేము గ్రహించినది యొకటి: ఇంటిపనికి వేళయు, వంతును, లెక్కయు నేర్పడినచో అది పని యనిపించుకొనును, అవి లేనప్పుడు అదియే స్త్రీస్వభావ మనిపించుకొనును.

ఏప్రనుకు సవిత్‌స్కయా చేతలే జవాబైనవి. 1984 జూలై 25వ తేదీన ఆమె వ్లదీమిర్ ఝానిబెకోవ్‌తో అదే కేంద్రమునుండి వెలుపలికి వచ్చి, మూడున్నర గంటలకు పైగా శూన్యమున నుండి, చేతియంత్రముతో లోహమును కోసి, అతికి చూపెను. శూన్యమున అట్లు వెలుపలికి వచ్చిన స్త్రీలలో ఆమెయే మొదటిది.

అయినను కథ అంతటితో సుఖాంతము కాలేదు. 1963లో వాలెంతీనా తెరెష్కోవా నింగి కెగసిన పిమ్మట, సోవియట్ దేశమునుండి మఱియొక స్త్రీ వెళ్లుటకు పందొమ్మిదేండ్లు పట్టినది. 1978లో అమెరికావారు ఆరుగురు స్త్రీల నెన్నుకొనగా, 1980లో సోవియట్‌వారును మరల స్త్రీల నెన్నుకొనిరి. సవిత్‌స్కయా పిమ్మట స్త్రీలే గల బృందమును పంపదలచిరి, అదియు జరుగలేదు. 1994లో యెలేనా కొందకోవా మీర్ కేంద్రమునకు పోవువఱకు ఆ దేశపు స్త్రీ యెవరును మరల వెళ్లలేదు. పొరుగువారిని చూచి చేసిన సంస్కారము పొరుగువారు చూచుచున్నంతకాలమే నిలుచును. పెండ్లిసంబంధము కొఱకు చెప్పించిన చదువు పెండ్లితోనే ముగియుట మన మెఱుగనిది కాదు.

ఆ నీలపు గుడ్డ యందు దోషము లేదు. దానిని ఆ దినము ఐదుగురును వంతులవారీగ కట్టుకొనియున్నచో మేమీ వ్యాసమునే వ్రాయకుందుము. మన గృహములలో ఈ వంతు లేర్పఱచుటకు ఏ నౌకయు నక్కఱలేదు. మా చదువరులు ఒక్క వారము తమ యింట ఏ పని యెవరు చేసిరో, ఎంతసేపు చేసిరో, కాగితముపై వ్రాసి గోడకు తగిలింతురు గాక. వారము ముగిసినపిదప ఇంటిల్లిపాదియు దానిని చదివినచో, తరువాత చేయవలసినదేమో ఆ కాగితమే చెప్పును.