గడ్డి కోసే మిషను: పదకొండు ఇళ్ల పంచాయితీ

కార్తీకం వెళ్లేసరికి మా జీడితోటల్లో గడ్డి నడుమెత్తు పెరుగుతుంది. తుంగ, గరిక, వయ్యారిభామ, పేరు తెలియని ముళ్ల తీగలు అన్నీ కలిసి అల్లుకుంటాయి. ఆ గడ్డి కొయ్యకపోతే చెట్టు కిందికి పోలేం. మార్చి నుంచి మే దాకా జీడిగింజ రాలుతుంది. గడ్డిలో రాలిన గింజ దొరకదు. దొరికేలోపు వాన తగిలితే నల్లబడుతుంది, నల్లబడిన గింజకు సేటు సగం ధర కూడా కట్టడు.

దమ్మపేట, ములకలపల్లి మండలాల నడుమ, అడవి అంచున మా గూడెం. మేము కోయవాళ్లం. గుట్టవాలున పదకొండు ఇళ్ల వాళ్లకు పక్కపక్కనే ఇరవై ఎనిమిది ఎకరాలు ఉన్నాయి. ఒకప్పుడు జొన్న, సామ, కంది వేసిన పోడు. ఇప్పుడు ఎక్కువ భాగం జీడిమామిడి. ఈ ఇరవై ఎనిమిది ఎకరాల్లో గడ్డి కోయడానికి ఏ మిషను కొనాలన్నదాని మీద పోయినేడు మేము నాలుగు నెలలు పంచాయితీ పెట్టుకున్నాం. మిషను గురించి మొదలైన మాట చివరికి మా భూమి మీద ఎవరి మాట చెల్లాలన్న దాకా పోయింది. అందుకే రాస్తున్నాం.

దీనికి ముందు ఒక నిప్పు ఉంది. అంతకు రెండేళ్ల ముందు ఇప్పపువ్వు రాలే రోజుల్లో మాలోనే ఒకరు చెట్టు కింద ఆకులు తగలబెట్టారు. పువ్వు నేల మీద తెల్లగా కనిపించాలని అందరం చేసే పనే. ఆ రోజు గాలి తిరిగింది. నిప్పు ఆకుల నుంచి గడ్డికి, గడ్డి నుంచి తోటకు పాకింది. ఒక ఇంటి జీడిచెట్లు నలభై దాకా మాడిపోయాయి. ఆ ఇంటివాళ్లు మిరపకాయ కోతకు వలస వెళ్లి ఉన్నారు. వాళ్ల తోటలో గడ్డి కోసే దిక్కు లేక అట్లాగే నిలబడి ఉంది. ఎవరిని అనాలి? నిప్పు మాదే, కోయని గడ్డీ మాదే. వాళ్లు తిరిగొచ్చి మాడిన మొదళ్ల మధ్య కూర్చున్నప్పుడు మేము ఏమీ మాట్లాడలేకపోయాం. ఇక గడ్డి పని ఎవరి ఇంటి పని వాళ్లదిగా వదలొద్దని అప్పుడే అనుకున్నాం.

కొడవలితో ఎందుకు కోయలేకపోతున్నాం అని అడగొచ్చు. చేతులు లేవు. పిల్లలు చదువులకో పనులకో ఖమ్మం, హైదరాబాద్ పోయారు. ఉన్నవాళ్లలో సగం మంది పామాయిల్ తోటల్లో గెలలు కోయడానికి పోతారు. గడ్డి కోసే రోజులూ, పత్తి ఏరే రోజులూ, కూలి దొరికే రోజులూ ఒకటే. ఊరంతా ఉన్న ఎడ్లజతలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మొదట కుర్రవాళ్లు మినీ ట్రాక్టర్ అన్నారు. అందులో న్యాయం లేకపోలేదు. ట్రాక్టర్ ఉంటే గడ్డి కోస్తుంది, దున్నుతుంది, ట్రాలీ తగిలిస్తే గింజలు, ఎరువు మోస్తుంది. వానల్లో రాత్రిపూట నొప్పులొచ్చిన ఆడమనిషిని రోడ్డు దాకా చేరుస్తుంది. ఈ చివరి మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు. మంచం మీద మోసినవాళ్లం కదా, మాకు తెలుసు.

నలుగురం కలిసి ఖమ్మం వెళ్లి షోరూములు తిరిగాం. మహీంద్రా జీవో, కుబోటా నియోస్టార్, వీఎస్టీ బండ్లు ఎక్కి దిగాం. ఇరవై, ఇరవై ఏడు హార్స్‌పవర్ మధ్యవి. వెడల్పు తక్కువ, చెట్ల వరసల్లో దూరతాయి. నాలుగు చక్రాలూ లాగేవి వాలు మీద జారవు. వెనక పీటీవోకి స్లాషర్ తగిలిస్తే గడ్డి కోస్తుంది. ధర ఐదారు లక్షలు, స్లాషర్‌కు వేరే. అమ్మే పిల్లవాడు మంచివాడే. ఎన్ని ఎకరాలు అని అడిగాడు, చెప్పాం. నేల ఎట్లా ఉంటుందని మాత్రం అడగలేదు.

మా నేల ఎట్లా ఉంటుందో చెప్తాం. పోడు కొట్టిన తాతలు చెట్టును మోకాలి ఎత్తున నరికారు. ఆ మోడులు కొన్ని ఎండిపోయినా ఇంకా నేలలోనే ఉన్నాయి, కొన్ని మళ్లీ చిగుర్లేశాయి. గడ్డి పెరిగితే మోడు కనిపించదు. దానికి తోడు గుండ్రాళ్లు, పుట్టలు, వాన కోసిన గండ్లు. జీడిచెట్టు కొమ్మలు నేలకు వాలి ఉంటాయి, కింద మనిషే వంగి పోవాలి. ట్రాక్టర్ సీటు మీద కూర్చున్నవాడి తల ఎక్కడికి పోతుంది?

ఫోన్లో కుర్రవాళ్లు అమెరికా వీడియోలు చూపించారు. అక్కడ ఇంటి ముందు పచ్చికను చిన్న బండి మీద కూర్చుని కోస్తారు, బ్లేడు బండి కడుపు కిందే ఉంటుంది. అది చదును నేలకు. ఒక మోడు తగిలితే బ్లేడూ పోతుంది, బ్లేడు తిప్పే ఇరుసూ పోతుంది. ముతక నేలకు అక్కడివాళ్లు కూడా వెనక తగిలించే బరువైన స్లాషరే వాడతారు. మంచి స్లాషర్‌లో బ్లేడు బిగించి ఉండదు, ఒక బోల్టు మీద వేలాడుతుంది. మోడు తగిలితే వెనక్కి మడుచుకుని దాటిపోతుంది. షాఫ్టులో ఒక మెత్తటి బోల్టు పెడతారు, దెబ్బ గట్టిగా తగిలితే అది తెగి గేరుబాక్సును కాపాడుతుంది. ఇది తెలుసుకున్నాక ఏ షోరూముకు పోయినా మొదట ఇదే అడిగాం. కొనబోయేవాళ్లు కూడా ఇదే అడగండి. హార్స్‌పవర్ ఆ తర్వాత అడగొచ్చు.

వాలు సంగతి ఇంకొకటి. వాలుకు అడ్డంగా నడిపితే ట్రాక్టర్ పక్కకు పడుతుంది. నిలువుగా ఎక్కి నిలువుగా దిగాలి. మేమంతా కలిసి తోటలో కర్రలు పాతుకుంటూ నడిచాం. ఇరవై ఎనిమిది ఎకరాల్లో ట్రాక్టర్ భయం లేకుండా తిరిగేది తొమ్మిది ఎకరాలే అని తేలింది. అంతకు ముందు ఏడు ఒకాయన బాడుగకు పెద్ద ట్రాక్టర్, రోటావేటర్ తెచ్చి రెండెకరాలు తిప్పించాడు. గడ్డి పోయింది. నేల పిండిలా అయింది. మొదటి పెద్ద వానకు ఆ పిండి కాస్తా వాగులోకి దిగింది. గుట్టవాలున గడ్డిని కోయాలి, వేరు పీకకూడదు. వేరు ఉంటేనే మట్టి నిలబడుతుంది. ఇది ముసలివాళ్లు ముందే చెప్పారు, మేమే వినలేదు.

అదే రోజు ఖాకీ చొక్కా ఆయన ఒకరు వచ్చి ట్రాక్టర్ ఎందుకొచ్చింది, కొత్తగా ఎంత నరికారు అని అడిగాడు. పట్టా చూపించాం. చూసి వెళ్లిపోయాడు. బండి తోలే అబ్బాయి మాత్రం మళ్లీ రానన్నాడు. 1967 నాటి అటవీ చట్టం కింద అడవి నేరంలో వాడారని బండిని పట్టుకుంటే విడిపించుకోవడం ఎంత కష్టమో అతనికి తెలుసు. మైదానం రైతు ట్రాక్టర్ కొనేటప్పుడు డీజిల్ లెక్క వేసుకుంటాడు. మేము ఈ భయం లెక్క కూడా వేసుకోవాలి.

పట్టా అన్నాం కదా. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చినది. 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి సాగులో ఉన్న భూమికి, ఎక్కువలో ఎక్కువ నాలుగు హెక్టార్ల దాకా ఇస్తారు. ఆ భూమి పిల్లలకు వస్తుంది, అమ్మడానికి లేదు, ఇంకొకరికి రాయడానికి లేదు. మాకు అదే కావాలి. కానీ అప్పు కోసం పోయినప్పుడు బ్యాంకులో ఒకాయన ఆ కాగితాన్ని రెండుసార్లు తిరగేసి, ఇంకేమైనా ఉందా అని అడిగాడు. మమ్మల్ని కాపాడే మాటే ఆయనకు అడ్డంగా కనిపించింది.

ఆ కబురు ఎట్లా చేరిందో, వారం తిరక్కుండా ఒక వ్యాపారి గూడేనికి వచ్చాడు. "సబ్సిడీ మీకొస్తది, మిగతా డబ్బు నేను కడత. బండి మీ పేరు మీదే ఉంటది. మీకు కావాల్సినప్పుడు మీరు తోలుకోండి, మిగతా రోజులు నేను తిప్పుకుంటా" అన్నాడు. వ్యవసాయ యంత్రాల పథకంలో ఎస్టీ రైతులకు, చిన్న రైతులకు, ఆడవాళ్లకు రాయితీ మిగతావాళ్లకన్నా ఎక్కువ, చాలా యంత్రాలకు సగం దాకా ఉంటుంది. ఆ సగం మీదే ఆయన కన్ను. ఇద్దరు ముగ్గురు ఊగారు. అప్పుడు మా పెద్దమనిషి ఒకటే మాటన్నాడు: "పేరు మనది, పెత్తనం వాళ్లది. మన రోడ్డు పక్క చెలక ఎట్లా పోయిందిరా?" 1970లో ఒకటో నంబర్ చట్టం వచ్చాక కూడా మా తాతల భూములు కొన్ని ఇట్లాగే మా పేర్ల మీదే ఉండి చేతులు మారాయి. వ్యాపారికి టీ ఇచ్చి పంపించాం.

ఇంతవరకూ మాట్లాడింది మగవాళ్లమే. గడ్డి కోసేది, గింజ ఏరేది, తునికాకు కట్టలు కట్టేది ఆడవాళ్లు. పట్టా కాగితం మీద భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలని చట్టమే చెప్తుంది. బ్యాంకుకు, షోరూముకు తిరిగిన నలుగురిలో ఆడమనిషి ఒక్కరూ లేరు. నాలుగో కూటానికి ఒక అవ్వ కొడవలి చేతిలో పట్టుకునే వచ్చింది.

"మీ ట్రాక్టరుకు కండ్లుంటయా?" అని అడిగింది.

ఎవరికీ అర్థం కాలేదు.

"నేను కోసేటప్పుడు తునికి పొద వదిలేస్త. బోదగడ్డి ఇంటి కప్పుకని పక్కన వదిలేస్త. ఇప్పమొలక కనపడితే చుట్టూ కోసి దాన్ని నిలబెడత. వయ్యారిభామను పూత రాకముందే వేరుతో పీకుత. మీ మిషను ఇయ్యన్నీ చూస్తదా? మీరు గడ్డి అనేది నాకు ఇరవై రకాలు."

ఇంకో అక్క అంది: "మిషను మగోళ్ల చేతికొస్తది, మా కూలి పోతది. నిప్పు రావొద్దని మేమూ కోరుకుంటం. కానీ మా చేతులు ఖాళీ చేసి కాదు."

ఆ రాత్రి లెక్క మళ్లీ మొదటి నుంచి వేశాం. ట్రాక్టర్ తిరిగేది తొమ్మిది ఎకరాలు. ఏడాదికి రెండు కోతలు, వానల నడుమ ఒకటి, పూత ముందు ఒకటి. ఎకరానికి రెండు గంటలు పెట్టుకున్నా ఏడాదికి ముప్పై ఆరు గంటల పని. ముప్పై ఆరు గంటల కోసం ఆరు లక్షలు! ట్రాలీ తోలుకుని సంపాదిస్తామంటే మళ్లీ డ్రైవరు, డీజిలు, కిస్తీలు. పంట పోయిన ఏడు కిస్తీ ఆగదు. ట్రాక్టర్ వద్దనుకున్నాం. కుర్రవాళ్లు కోపంగా లేచిపోయారు. ఆ కోపం తప్పని ఇప్పటికీ అనం.

మహిళా సంఘం పొదుపు నుంచి కొంత, ఇంటికి ఇంత అని కొంత వేసుకుని రెండు బ్రష్ కట్టర్లు కొన్నాం. వీపుకు తగిలించుకునే రకం కొంచెం బరువు తక్కువ అనిపించినా, వాలు మీద నడుముకు పట్టీ వేసి పక్కన మోసేదే మాకు కుదిరింది. కాలు జారితే చప్పున విడిపించుకోవచ్చు. టూ స్ట్రోక్ ఇంజను తేలిక, కానీ పెట్రోల్‌లో ఆయిల్ కొలిచి కలపాలి. పదకొండు ఇళ్ల చేతుల్లో తిరిగే మిషనులో ఎవరో ఒకరు ఒకరోజు ఆయిల్ మరిచిపోతారు, ఇంజను పట్టేస్తుంది. అందుకే ఫోర్ స్ట్రోక్ తీసుకున్నాం. మెత్తటి గడ్డికి, చెట్టు మొదలు దగ్గర నైలాన్ దారం పెడతాం, బెరడు తెగదు. ముదురు గడ్డికి మూడు రెక్కల బ్లేడు. రాళ్ల చెలకలో ఒక మిషను రోజుకు అర ఎకరం, బాగుంటే ముప్పావు ఎకరం కోస్తుంది.

కట్టుబాట్లు కాగితం మీద రాసుకున్నాం. కళ్లద్దాలు, బూట్లు లేకుండా మిషను ఎత్తకూడదు. కోసే మనిషికి పదిహేను మీటర్ల లోపు ఎవరూ ఉండకూడదు, పిల్లలు అసలే ఉండకూడదు. కోతకు ముందు ఆడవాళ్లు తోటలో తిరిగి, కోయకూడని చోట ఎర్రగుడ్డ కట్టాలి. ఆ పనికి మిషను పట్టినవాళ్లతో సమానంగా కూలి. మిషను నేర్చుకునే నలుగురిలో ఇద్దరు ఆడవాళ్లుండాలి. గూడెం చుట్టూ, తోటల అంచున పది అడుగుల పట్టీ అందరికంటే ముందు కోయాలి. అది నిప్పు ఆగే దారి. ఊళ్లో లేని ఇంటివాళ్ల తోట కూడా వరసలోనే కోయాలి.

మొదటి ఏడు అన్నీ సరిగ్గా జరగలేదు. ఒక రాయి ఎగిరి ఒకాయన పిక్క చీరింది, మూడు కుట్లు పడ్డాయి. బ్లేడు మోడుకు తగిలి ఒక గేరు హెడ్ పోయింది, దాని సామాను వచ్చేదాకా పన్నెండు రోజులు మిషను గోడకు ఆనించి ఉంది. రోజంతా పట్టుకున్నాక రాత్రి అన్నం కలపడానికి వేళ్లు వంగడం లేదని ఒకామె చెప్పింది. అప్పటి నుంచి గంటకొకసారి చేతులు మారుస్తున్నాం. ఎర్రగుడ్డ కట్టినా రెండు ఇప్పమొలకలు తెగాయి. అవ్వ ఇంకా వాటి లెక్క చెప్తూనే ఉంటుంది.

ఈ వేసవిలో ఇప్పపువ్వు రోజుల్లో అడవి వైపు నుంచి మళ్లీ నిప్పు వచ్చింది. మేము కొమ్మలు పట్టుకుని పరిగెత్తేసరికి అది కోసిన పట్టీ దగ్గర మెల్లగా అయిపోయి, పొగ మాత్రమే మిగిలింది. మాడిన తోట ఇంటివాళ్లు ఆ చోట కొత్త జీడిమొక్కలు పెట్టారు. వాటి చుట్టూ గడ్డిని మాత్రం ఇంకా కొడవలితోనే కోస్తున్నారు.