హేర్‌ఫీల్డు శునక శరణాలయము

లండను మహానగరమునకు పడమటి అంచున, అక్స్‌బ్రిడ్జి దాటిన పిమ్మట ఇండ్ల వరుసలు పలుచబడి, పచ్చిక బీళ్ళును కంచెలును కానవచ్చుచోట హేర్‌ఫీల్డు అను గ్రామము కలదు. ఆ గ్రామ పరిసరమున ‘డాగ్స్ ట్రస్ట్’ అను ధర్మసంస్థవారు నడపుచున్న శునక శరణాలయమును చూడవలెనను కోరిక నాకు మా మేనకోడలి వలన కలిగినది. ఆమె కాపురము హౌన్‌స్లోలో ఒక అద్దె యింట. ఇంటి యజమాని కుక్కను పెంచుటకు సమ్మతింపడు. కావున నెలనెలా కొంత పైకము చెల్లించుచు, తాను చేతితో తాకనైన తాకని యొక కుక్కకు పోషకురాలైనది. సెల్‌ఫోనులో దాని ఛాయాచిత్రమును చూపి, “ఇదిగో మామయ్యా, మావాడు” అనెను. కంట చూడనివాడు మీవాడెట్లయ్యెనని నేనడుగగా, “ఎవరూ తీసుకెళ్ళలేదుగా, అందుకని మావాడు” అని నవ్వెను.

ఈ సంస్థ పుట్టుక విచిత్రమైనది. 1891లో చార్లెస్ క్రఫ్టు అను నతడు లండనులోని ఇస్లింగ్టనునందు తన పేర మొట్టమొదటి శునక ప్రదర్శనమును జరిపించుచుండగా, ఆ సందర్భముననే లేడీ గెర్ట్రూడ్ స్టాక్ అను దొరసాని మరికొందరితో గూడి ‘నేషనల్ కెనైన్ డిఫెన్స్ లీగ్’ అను సంఘమును నెలకొల్పెను. చెవుల తీరును, తోక వంపును, వంశావళిని పరీక్షించి బహుమతులు పంచిపెట్టు తిరునాళ్ళలోనే, ఏ బహుమతికిని నోచుకొనని ప్రాణుల కొరకు ఒక సంఘము పుట్టుట నాకెంతయు ఉచితముగా తోచినది. ఆ సంఘమే 2003లో ఇప్పటి పేరు ధరించెను. పండుగ కానుకగా పిల్లలకు కుక్కపిల్లను కొనియిచ్చి, పండుగ వెళ్ళగనే వీధిలో విడిచివేయు ఆచారమును గర్హించుచు, కుక్కను తెచ్చుకొనుట దాని యాయువున్నంతకాలమునకు గాని క్రిస్మసు నాటికి మాత్రమే కాదని 1978లో క్లారిస్సా బాల్డ్విన్ కూర్చిన నినాదము ఈ దేశమున చిన్నపిల్లలకు సైతము కంఠస్థము.

ఆరోగ్యముగా నున్న ఏ కుక్కను తాము చంపబోమన్నది వీరి వ్రతము. వినుటకు చిన్నమాట; నడపుటకు మాత్రము అంతులేని ధనము కావలెను. ఏలయన శరణాలయమునకు వచ్చు కుక్కలలో ముద్దులొలుకు పిల్లలును, సాధుస్వభావము గలవియు త్వరగానే ఎవరో యొకరి యింటికి చేరుకొనును. ముసలితనము పైబడినవి, జీవితాంతము మందు మ్రింగవలసినవి, తోటి కుక్కను చూచినంతనే మీదికురుకునవి, పసిపిల్లల నోర్వలేనివి, మునుపెన్నడో యొకరిని కరచిన అపకీర్తి గలవి మాత్రము మిగిలిపోవుచుండును. చంపని పక్షమున వానిని పోషింపవలెను. పోషించుటయన గ్రాసము పెట్టుట మాత్రమే గాక, గదియు, వైద్యుడును, నడిపించు మనిషియు, శిక్షకులును ఏండ్లతరబడి కావలెను. వారమునకొక పౌను మొదలుకొని ఎవరైనను చెల్లింపదగిన ఈ పోషకత్వపు ఏర్పాటు వ్రతమునకు కావలసిన వ్యయమును సామాన్యులకు పంచిపెట్టు ఉపాయమని నాకు అచ్చటనే బోధపడినది.

మేము చూడవచ్చిన కుక్క గ్రేహౌండునకును వేరొక జాతికిని పుట్టిన సంకరము. ఇచ్చటివారు దానిని లర్చరు అందురు, కుందేళ్ళ వేటకు పెంచుదురు. చారల ఒడలు, సన్నని నడుము, పొడుగు మూతి. దానికి క్రొత్తమనిషి యన్న భయము. భయపడిన కుక్క పారిపోవుటకు చోటులేనప్పుడు కరచును గనుక, శిక్షకురాలు మాకు ముందుగా కొన్ని నియమములు చెప్పెను: దాని కన్నులలోనికి చూడరాదు; ఎదురుగా గాక ప్రక్కకు తిరిగి నిలువవలెను; తలపై చేయి వేయుటకు వంగరాదు; పిలువరాదు. అటుపిమ్మట నొక విశాలమైన పచ్చికలో ఆమె దానిని నడిపించుచుండగా, మేము చాలినంత దూరమున, అదే దిక్కునకు, దానితో పనిలేనివారివలె నడచితిమి. దూరము కొంచెము కొంచెముగా తగ్గినది. అది ఆగి మావైపు చూచినప్పుడెల్ల ఆమె జున్నుముక్క నొకదానిని నేలపై విసరుచుండెను. క్రొత్తవాని రాక యనగా జున్ను వచ్చుట యని దాని మనస్సున నాటుటయే యా విద్య యంతయు. మన రైతులు ఎద్దు మూతికి కట్టు చిక్కము వంటిదానిని ఈ కుక్కకును అలవాటు చేసిరి. అయితే బలవంతముగా కట్టుట లేదు. లోపల తినుబండారము పూసి పట్టుకొన్నచో అది తానై మూతి దూర్చును. దీనిని ఇంటికి తీసికొనిపోగోరువారు ఒకమారు వచ్చి చూచి పోయిన చాలదు. ఇట్టి నడకలు అనేకములు నడువవలెను. పని తీరిక లేని ఈ నగరమున అంతటి ఓరిమి గలవారు అరుదు.

దీని పూర్వచరిత్ర యేమని యడిగితిని. తెలియనిదానిని ఊహించి చెప్పుట తమకు వాడుక లేదని శిక్షకురాలనెను. భారతకథలో జనమేజయుని తమ్ములు నిష్కారణముగా కొట్టిన కుక్కపిల్ల సారమేయుడు తల్లి సరమ యొద్దకు పోయి మొరపెట్టుకొనగల్గెను; ఆమె రాజసభకు వచ్చి న్యాయమడుగగల్గెను. ఈ లర్చరునకా భాగ్యము లేదు.

మిగిలిపోవుటకు కుక్క గుణమే కారణము కానక్కరలేదు. ఇంగ్లండు, వేల్సులలో 2023 డిసెంబరు 31 నుండి ఎక్స్ఎల్ బుల్లీ యను జాతిని అమ్ముటయు, ఇతరులకిచ్చుటయు నేరము. కావున అట్టి కుక్క శరణాలయమున చిక్కుకొన్నచో, ఎంత సాధువైనను దానికి క్రొత్త యిల్లు దొరకదు.

మన హైదరాబాదునకు ఈ పద్ధతిని ఉన్నదున్నట్లు తెచ్చుట కుదరదు. ఇంగ్లండులో వీధికుక్క యనునది దాదాపు లేదు; యజమాని కానరాని కుక్క దొరికిన, స్థానిక సంస్థవారు ఏడుదినములు చూచి, పిమ్మట దానిని ఎవరికైన నప్పగింపవచ్చును. మన జంతు జనన నియంత్రణ నియమములు, 2001 నాటివైనను 2023 నాటివైనను, శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, కుక్కను పట్టుకొన్నచోటనే తిరిగి విడువుమనును. అక్కినేని అమల ప్రభృతులు 1992లో స్థాపించిన హైదరాబాదు బ్లూక్రాసు వంటి సంస్థలు ఆ వీధుల నడుమనే పనిచేయవలెను. మన కుక్కకు ఇల్లు లేకున్నను వీధి కలదు, ఆ వీధిలో అన్నము వేయు ఒక యమ్మయు తరచుగా కలదు. అయినను కాలు విరిగినది, చూపు పోయినది, వీధికి మరల పంపరానిది మనకును కలదు గదా. వానికొరకు మాత్రము ఈ పోషకత్వము మనకును పనికివచ్చును.

ఒక్క సంగతి నాకు మొదట రుచింపలేదు. పోషకులకు కుక్క వ్రాసినట్లే ఉత్తమపురుషలో, క్రిస్మసు నాటికొక శుభాకాంక్షల కార్డు వచ్చునట. మా మేనకోడలు వానిని దాచుకొన్నది. కుక్కచేత జాబు వ్రాయించుట చాదస్తమని నేననుకొంటిని. మరియు ఒకే కుక్కకు పోషకులు అనేకులు, వారి పైకము అచ్చటి తక్కిన కుక్కలకును చెల్లును. అట్లయిన ఆ ఛాయాచిత్రము వట్టి యెరయా? కొంతసేపు ఆలోచించి కాదనుకొంటిని. మన దేవాలయములలో శాశ్వత నిధికి సొమ్ము కట్టినవాడు తన తండ్రి తిథినాడు అన్నము తిన్నవారెవరని విచారింపడు. తిథియు పేరును అతనిని ఆ కార్యమునకు కట్టివేయు ముడి మాత్రమే. ఇక్కడ ముడి యొక కుక్క ముఖము. సంస్థవారు ఈ సంగతిని దాచుట లేదు గనుక దోషమును లేదు.

పోషకత్వము పొందిన కుక్కకు ఇల్లు దొరికినచో ఆ వార్త పోషకులకు తెలిపి, తమ పట్టికనుండి వేరొకదానిని ఎన్నుకొమ్మని కోరుదురు. తిరుగు బస్సులో మా మేనకోడలు, “వీడికి ఇల్లు దొరికితే ఎవర్ని తీసుకోమంటావు మామయ్యా?” అని యడిగెను. ఛాయాచిత్రములో ముఖము బాగుగా పడనిదానిని తీసికొమ్మంటిని. “బాగా పడనిది ఆ పట్టికలోకే ఎక్కదు మామయ్యా,” అనెను.