పంటిపాచి

పాచినోటితో పొయ్యి యంటించరాదని మా యత్తగారి నియమము. నేనును వేకువనే పిల్లలచే పండ్లు తోమించుచునే యుంటిని. అయినను మా యారేండ్ల పిల్లకు దవడపన్ను పుచ్చి, మూడురాత్రులు కంటికి కునుకు లేకపోయెను. తుదకు పన్ను పీకింపవలసివచ్చెను. రాత్రి బెల్లపుపాలు త్రాగినపిదప నోరు పుక్కిలించిన చాలునని నేను తలచుటయే తప్పని, మావారు పాఠశాలనుండి తెచ్చిన శాస్త్రగ్రంథము చదివి తెలిసికొంటిని.

తోమిన కొలదినిమిషములకే లాలాజలమందలి మాంసకృత్తులు పంటిపై పలుచని పొరగా నేర్పడును. స్ట్రెప్టోకాకస్ మొదలగు సూక్ష్మజీవులు మొదట దాని నంటుకొనును. పిమ్మట వచ్చునవి వానినే పట్టుకొనును. ఒకదానిపై నున్న మాంసకృత్తు, వేరొకదానిపై నున్న చక్కెరను, తాళమునందు తాళపుచెవి యిమిడినట్లు పట్టును. ఫ్యూసోబాక్టీరియ మను కదురువంటి జీవి ముందు వచ్చినవానికిని వెనుక వచ్చువానికిని వారధియగును. ఇట్లు భిన్నజాతులు పెనవేసికొనుటను గిబ్బన్సు, నైగార్డు అను శాస్త్రజ్ఞులు 1970లో వివరించిరి.

హాలెండు దేశీయుడగు ల్యూవెన్‌హుక్ 1683లోనే తన పంటిపాచియందు సూక్ష్మజీవులను గాంచెను. పుల్లని వెనిగరుతో నోరు కడిగినను పాచిపైనున్నవి మాత్రమే చచ్చుటయు, లోనివి బ్రతికియుండుటయు నాతడు గమనించెను. ఇక వట్టినీటి మాట చెప్పనేల? లోన దాగినవి తీపిని ఆమ్లముగా మార్చి పంటిని తొలుచును.

కావున పాచిని రాచి విడదీయవలసినదే. ఇప్పుడు రాత్రివేళ మా పిల్లను ఒడిలో కూర్చుండబెట్టుకొని నేనే పండ్లు తోముచున్నాను. పోయినది పాలపన్ను, దాని చోట మరియొకటి వచ్చును. ఆ వచ్చుదానికి మరల రాకడ లేదు గదా!