మలుపులో చోటు

"సంఘానికి పంపితే పిల్లలను పందేలకు తీసుకొనిపోతున్నారట గదండీ!" అని ఆ మధ్య ఒక తల్లిగారు మాకు ఫోను చేసి అడిగారు. ఆమె కుమారుడు మా మధురానగర్‌లో హాస్టలులో ఉండి అమీర్‌పేటలో కంప్యూటరు కోచింగు తీసుకొంటున్నాడు. బిడ్డను పట్టణానికి పంపి ఊరిలో ప్రార్థన చేసుకొంటున్న తల్లి అడిగిన ప్రశ్న ఇది. ఇలాంటి పిల్లలను పంపినవారు ఈ పత్రిక పాఠకులలో చాలమంది ఉన్నారు గనుక, ఆమెకు చెప్పిన సంగతులనే కొంచెము వివరముగా వ్రాస్తున్నాము.

మా యౌవనుల కూడిక వారిని మేమిద్దరము రెండు మూడు నెలలకొకసారి గో-కార్టింగుకు తీసుకొని వెళ్తాము. శనివారము మధ్యాహ్నమే, ఆదివారము కాదు. కార్టు అంటే ఎడ్లబండి కాదు. ఇనుప గొట్టముల చట్రము, నాలుగు చిన్న చక్రములు, ఒక సీటు, ఒక చిన్న ఇంజను, అంతే. పైకప్పు లేదు, తలుపులు లేవు, స్ప్రింగులు అసలే లేవు. 1956లో అమెరికాలోని కాలిఫోర్నియాలో రేసుకార్లు తయారుచేసే ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన గడ్డికోత యంత్రపు ఇంజను పెట్టి మొదటి కార్టును చేశాడు. సెన్నా, షూమాకర్ వంటి పేరుపొందిన డ్రైవర్లు చిన్ననాడు నేర్చుకొన్నది కార్టుల మీదనే. సొంత కార్టు కొని పోటీలకు తిరగాలంటే లక్షలు కావాలి. నగర శివారు ట్రాకులలో అద్దె కార్టయితే పది నిమిషములకు కొన్ని వందలు. హాస్టలు పిల్లలకు అదీ తక్కువేమీ కాదు, అందుకే తలా కొంత వేసుకొంటాము. పందెపు డబ్బు లేదు. ఓడినవాడు టీ ఇప్పించాలని పిల్లలు పెట్టుకొన్న నియమాన్ని కూడా మేమే తీసివేయించాము.

ఎందుకింత ప్రయాస అంటారేమో. సాయంకాలము మధురానగర్ మెట్రో స్టేషను క్రింద కాసేపు నిలబడి చూడండి. ముందు చక్రము దూరినంత సందు కనబడితే చాలు, బైకు దూరుస్తారు. రాత్రివేళ జూబ్లీహిల్స్ రోడ్ల మీద బైకు పందెములు వేసి పోలీసులకు దొరికిన పిల్లల వార్తలు పత్రికలలో వస్తూనే ఉంటాయి. మనము వద్దన్నంత మాత్రాన వేగముపై మోజు పోదు. 2023లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ కార్ల పోటీ జరిగింది. 2024లో సినీ నటుడు నాగచైతన్య హైదరాబాదు పేరుగల ఒక రేసింగు జట్టుకు యజమాని అయ్యారు. పిల్లలు ఇవన్నీ చూస్తున్నారు. నియమములున్న చోట, హెల్మెట్టు పెట్టించి, జెండా పట్టుకొన్న మనిషి ఎదుట నేర్చుకోవడమే మేలని మా ఉద్దేశము.

అద్దె కార్టులన్నిటికీ ఇంజను బలము దాదాపు ఒక్కటే. అందుచేత ఎనిమిదిమంది బయలుదేరితే ఎనిమిదిమందీ గుంపుగానే తిరుగుతారు. ఒకని బండి ముక్కు మరొకని బండి వెనుకకు జానెడు దూరములో ఉంటుంది. సీటు ఇంచుమించు నేలను తాకుతున్నట్లు ఉంటుంది గనుక గంటకు 50 కిలోమీటర్ల వేగము 100లాగా తోస్తుంది. మనిషి గుణము బయటపడేది అక్కడే.

ఎదురుగాలిలో సైకిలు త్రొక్కినవారికి ఒక సంగతి చెప్పనక్కరలేదు. ముందు ఒకడు పోతుంటే వాని వెనుక చేరినవానికి త్రొక్కుడు తేలిక. పెద్ద ట్రాకులపై వేగముగా పోయే కార్టులకు కూడా అంతే. వింత ఏమంటే, వెనుకవాడు బాగా దగ్గరగా వస్తే ముందువానికి కూడా మేలు. బండిని వెనుకకు లాగే గాలి సుడి తగ్గుతుంది. ఒంటరిగా పోయేవాని కంటె వరుసగా పోయే ఇద్దరూ వేగముగా పోతారు. మేము వెళ్లే ట్రాకు చిన్నది, మలుపులెక్కువ, గాలి లాభము అంతగా తెలియదు. అయినా ప్రతి మలుపులోను ఇద్దరు ఒకరినొకరు అడ్డగించుకొంటే ఇద్దరూ నెమ్మదిస్తారు, వెనుకనున్న మూడవవాడు హాయిగా దాటిపోతాడు. ఇది మా పిల్లలకు అర్థము కావడానికి చాలా కాలము పట్టింది.

ఇక దాటే హక్కు ఎప్పుడంటే, ముందువాడు మలుపు తిరుగక మునుపే అతనికి కనబడేటట్లు లోపలి ప్రక్కకు వచ్చి ఉండాలి. అలా వస్తే ముందువాడు ఒక బండి పట్టే చోటు విడవాలి. రాకపోతే ఆ మలుపు ముందువానిదే, వెనుకవాడు తగ్గాలి. ముందువాడు అడ్డుకోవడానికి ఒకసారి ప్రక్కకు జరుగవచ్చు గాని పామువలె అటూ ఇటూ ఊగరాదు. పసుపు జెండా ఊపితే ఎవరూ దాటరాదు. నీలి జెండా చూపితే వెనుక వేగముగా వస్తున్నవానికి దారి ఇవ్వాలి.

గుద్దడము ఎక్కడైనా తప్పే, మలుపులో మరీ ప్రమాదము. కార్టు వెనుక చక్రములు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. మలుపులో లోపలి వెనుక చక్రము నేలపై బరువు వేయదు, కొంచెము లేస్తుంది కూడా. ఆ క్షణములో వెనుకనుండి చిన్న తాకిడి తగిలినా బండి గిర్రున తిరుగుతుంది. అంతర్జాతీయ పోటీలలో 2015 నుండి ముందు బంపరును క్లిప్పులతో తగిలిస్తున్నారు. ఎదుటివానిని గట్టిగా గుద్దితే అది స్థానము తప్పి జారుతుంది. జారిన బంపరుతో గమ్యము చేరినవానికి 5 సెకండ్లు శిక్షగా కలుపుతారు. సొంత బంపరే సాక్ష్యము చెబుతుంది. ఈ ఏర్పాటు మాకు ఎంతో నచ్చింది.

మా పిల్లలలో ఒకే గదిలో ఉండి ఒకే పొయ్యి మీద వండుకొనేవారు ఇద్దరున్నారు. ఒకసారి చివరి చుట్టులో, గుర్రపు నాడా వంటి మలుపు దగ్గర, వెనుకవాడు సందులో దూరాడు. ముందువాని బండి తిరిగి టైర్ల గోడకు తగిలింది. దేవుని కృపను బట్టి మెడనొప్పితో పోయింది. జెండా పట్టుకొన్నాయన నల్ల జెండా చూపి దూరినవానిని బయటికి పిలిచాడు. "చోటుంది, దూరాను. వాడే తలుపు వేసినట్లు మీదికి వచ్చాడు" అని అతని వాదన. ఆ తరువాత మూడు వారములు ఇద్దరికీ మాటలు లేవు, వంటలు కూడా వేరయ్యాయి. నెల మొదటి ఆదివారము ప్రభురాత్రి భోజన సమయములో దెబ్బతిన్నవాడు లేవకుండా కూర్చుండిపోయాడు. అది చూచి మాకు నిజముగా భయము వేసింది. బండి తిరిగినప్పుడు కూడా అంత భయపడలేదు.

ఆ సాయంకాలము దూరిన అబ్బాయిని ఇంటికి పిలిచాము. ప్రసంగమేమీ చేయలేదు. వరండాలో సుద్దముక్కతో ఆ మలుపు గీసి, రెండు అగ్గిపెట్టెలు పెట్టి, "అతడు తిరిగినప్పుడు నీ బండి ఎక్కడుందో నీవే పెట్టు" అన్నాము. మొదట ప్రక్కనే పెట్టాడు. తరువాత కొంచెము వెనుకకు జరిపాడు. ఇంకా జరిపాడు. చివరికి అతని అగ్గిపెట్టె ముందుదాని వెనుక చక్రము దగ్గర ఆగింది. హుస్సేన్‌సాగర్ పోటీని జ్ఞాపకము చేసినది కూడా అతడే. 2023 ఫిబ్రవరి 11న టాటా వారి జాగ్వార్ జట్టులో శామ్ బర్డ్ ఇలాగే ఒక మలుపులో లోపలికి దూసుకువచ్చి తన జట్టువాడైన మిచ్ ఎవాన్స్‌ను గుద్దాడు. అందరికంటె ముందు బయలుదేరిన ఎవాన్స్, గుద్దిన బర్డ్ ఇద్దరూ పోటీ నుండి తొలగిపోయారు. గెలిచినవాడు వేరే జట్టు వాడైన వెర్న్. "బర్డ్ క్షమాపణ చెప్పాడు గదా అంకుల్" అని అగ్గిపెట్టె తిప్పుతూ అన్నాడు. మేము ఏమీ అనలేదు. ఆ రాత్రి గదిలో ఏమి మాట్లాడుకొన్నారో మాకు తెలియదు. మరుసటి నెల ఇద్దరూ బల్ల యొద్దకు వచ్చారు. వంట మాత్రము ఇంకా కొన్నాళ్లు వేరుగానే సాగింది.

పౌలు కొరింథీయులకు పరుగు పందెమును గూర్చి వ్రాసిన కాలములో ఆ పట్టణము దగ్గర రెండేండ్లకొకసారి ఇస్త్మియా ఆటలు జరిగేవి. చదివినవారికి పందెము క్రొత్త కాదు. తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో నియమము తప్పినవానికి కిరీటము లేదన్న సంగతి కూడా ఉన్నది. ఈ రెండు భాగములను మా కూడికలో ఒకేసారి చదువుతాము.

తల్లిదండ్రులకు ఇంకొక మాట. 2020లో మన హైదరాబాదు శివారులోనే ఒక విద్యార్థిని తల వెంట్రుకలు కార్టులో చిక్కుకొని ప్రాణము కోల్పోయింది. అందుచేత మీ ఆడపిల్లలు వెళ్తామంటే జడను ముడివేసి, చొక్కా లోపలికి దోపి, పైన హెల్మెట్టు పట్టీ బిగించుకోమనండి. చున్నీ బయటనే విడిచిపెట్టాలి. ఇరుసుకు, ఇంజనుకు మూత లేని కార్టు అయితే డబ్బు చెల్లించి ఉన్నా ఎక్కవద్దని చెప్పండి. మేము అలా ఒకసారి పదిమందిని దింపి, బస్సెక్కించి ఇంటికి తీసుకొనివచ్చాము.