పండగ పూట పొయ్యి వెలగాలి

డిసెంబరు నెల పడగానే ఒంగోలులో ఇళ్ళ మీద నక్షత్రాలు వెలుగుతాయి. ఆ వారంలోనే హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో పండక్కి రాబోయే కొడుకు ఫోన్ చేస్తాడు. “పండగపూట నీకెందుకమ్మా పొయ్యి దగ్గర చాకిరీ? బిర్యానీ చెప్పేద్దాం. ఎంతమంది ఉంటామో చెప్పు చాలు.” అమ్మ కష్టపడకూడదనే అంటాడు, అందులో సందేహం లేదు. కానీ ఆ ఒక్క మాటతో వంటింటి పండగ సగం అయిపోయినట్టే. ఏం వండాలి, ఎవరికి ఏది పడుతుంది, పిండి ఎప్పుడు పట్టించాలి, చిన్నత్తయ్య ఏ బస్సుకి దిగుతుంది అని పదిరోజులు సాగాల్సిన ముచ్చట కాస్తా ఓ ప్యాకెట్ల లెక్కతో తేలిపోతుంది.

బిర్యానీ మీద ఎవరికీ పగ లేదు. అయితే ఒంగోలులో క్రైస్తవ కుటుంబానికి డిసెంబరు ఎలా గడుస్తుందో చూడాలి. నెల మొదలైన దగ్గర్నుంచీ సెమీ క్రిస్మస్‌లే. బడిలో ఒకటి, ఆఫీసులో ఒకటి, యూత్ వాళ్ళది ఒకటి, స్త్రీల సమాజానిది ఇంకొకటి. ప్రతిదాని చివరా ప్రేమవిందు, ప్రతి ప్రేమవిందులోనూ బిర్యానీ, పెరుగు చట్నీ. ఇరవై ఐదో తారీకు వచ్చేసరికి నాలుక దానికి అలవాటు పడిపోయి ఉంటుంది. అసలు పండగనాడు కూడా ఇంట్లో అదే పెడితే, ఆ రోజుకంటూ మిగిలే రుచి ఏముంది?

పండగ తిండి ఆర్డరిచ్చి తెచ్చుకోవడం ఎలా ఉంటుందో జపానులో చూడొచ్చు. అక్కడ క్రైస్తవులు నూటికి ఒకరో ఇద్దరో. 1974లో కెఎఫ్‌సీ వాళ్ళు క్రిస్మస్‌కి వేయించిన కోడి తినాలని దేశమంతా ప్రచారం చేశారు. ఇప్పుడు అక్కడ లక్షల కుటుంబాలకు క్రిస్మస్ అంటే ముందుగా ఆర్డరిచ్చి తెచ్చుకునే చికెన్ డబ్బా. పాత ఆచారం లేనిచోట కొట్టువాడు కొత్త ఆచారం పెట్టాడు, సరే. మనకేం తక్కువై అక్కడి దారి పట్టాలి?

ఇంట్లో వండటానికి అసలు చిక్కు గుడి వేళలతో వస్తుంది. ఇరవై నాలుగు రాత్రి కేరల్స్‌తో ఊరంతా తిరిగి, ఇంటింటా టీలు తాగి, పిల్లలు ఇల్లు చేరేసరికి తెల్లారగట్ట అవుతుంది. మళ్ళీ పొద్దున ఆరాధన. పాటలు, సాక్ష్యాలు, వాక్యం, కానుకలు ముగిసి బయటికొచ్చేసరికి మధ్యాహ్నం. వండే మనిషి కూడా కొత్త చీర కట్టుకుని పాట మొదలయ్యేసరికి గుళ్ళో కూర్చోవాలి కదా. కాబట్టి వంటకాల ఎంపికలో ముందు చూడాల్సింది ఏది కాచుకుని ఉంటుంది, ఏది ఉండదన్నది.

గోంగూర మాంసం కాచుకుని ఉంటుంది. తెల్లవారుజామునే వండి మూత పెడితే మధ్యాహ్నానికి పులుపు ముక్కలోకి దిగి ఇంకా బాగుంటుంది. గుంటూరు, ఒంగోలు ప్రాంతాల్లో పుట్టినవాళ్ళకు దీని గురించి వేరే చెప్పనక్కర్లేదు. నాటుకోడి పులుసు కూడా అంతే, వేడి చేసుకుంటే చాలు. గారెలు మాత్రం ఆగవు. మినప్పప్పు రాత్రే నానబోసి, పొద్దున్నే గట్టిగా రుబ్బి పెట్టుకోవాలి. ఉప్పు మాత్రం నూనె కాగాకే కలపాలి. ముందే వేస్తే పిండి జారిపోతుంది, గారె నూనె తాగుతుంది. గుడి నుంచి రాగానే ఒకరు గారెలు వేస్తుంటే మరొకరు కోడిపులుసు వడ్డిస్తుంటే, తినేవాళ్ళు పొయ్యి పక్కనే నిలబడి తినాలి. ఈ రెండూ కలిసిన పళ్ళెం ముందు ఏ ప్యాకెట్టూ నిలవదు.

ఇక అరిసెలు. అరిసె లేని క్రిస్మస్‌ని క్రిస్మస్ అనడానికి మనసొప్పదు. సంక్రాంతికి అందరూ వండుతారు, మూడు వారాల ముందే క్రైస్తవుల ఇళ్ళలో వండుతారు. కోతలయి కొత్త బెల్లం, కొత్త నువ్వులు ఇంటికొచ్చే కాలమది. పిండివంట ఏ మతానిదో అడగదు, పంటను చూసి వస్తుంది. ఫిలిప్పీన్స్‌లో కూడా డిసెంబరు 16 నుంచి తెల్లవారుజాము ఆరాధనలు ముగించుకుని వచ్చేవాళ్ళు గుడి బయట వేడివేడిగా కొనుక్కునేది బిబింగ్కా, అంటే బియ్యప్పిండితో చేసే రొట్టె. వరి పండే దేశంలో పండగ బియ్యప్పిండిలోనే ఉంటుంది.

అరిసె తొందరపడేవాళ్ళకి లొంగదు. బియ్యం రోజంతా నానాలి, మధ్యలో నీళ్ళు మార్చాలి. వడకట్టి, తడి ఆరకముందే మర పట్టించాలి. జల్లించిన పిండిని గిన్నెలో అదిమి, తడి పోకుండా గుడ్డ కప్పాలి. అప్పుడు పాకం. నీళ్ళ గిన్నెలో ఒక చుక్క వేసి వేలితో దగ్గరకు తీస్తే మెత్తని ఉండలా రావాలి. లేతదైతే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే పళ్ళకు పని చెబుతుంది. ఆ ఘడియ దాటకుండా ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు తెడ్డుతో కలియబెట్టాలి. చలిమిడి ఆరకముందే ఒకరు నువ్వులద్ది తట్టి నూనెలో వేయాలి, ఒకరు తీసి చెక్కల మధ్య నొక్కి నూనె దించాలి. ఒంటరిగా చేయడానికి కుదరని వంట ఇది. అందుకే ఆ రోజు తోడికోడళ్ళు, ఆడపడుచులు, పక్కింటి పిన్ని అందరూ ఒకే గదిలో ఉంటారు. ఏడాదిగా మాట్లాడుకోని ఇద్దరు కూడా పాకం దగ్గర మాట్లాడుకోక తప్పదు. “చూడు వదినా, వచ్చిందా?” అని అడగాల్సిందే.

పైగా ఈ పండగ ఒక్కరోజుతో పోదు. ముప్ఫై ఒకటి రాత్రి వాచ్‌నైట్ ఆరాధన ఉంది, ఆ మర్నాడు కొత్త సంవత్సరం. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జూవెట్ దంపతులు, మరి కొద్దిమంది కలిసి ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. ప్రార్థన కొండ అన్న పేరు ఆ రోజుదే. అందుకే ఇక్కడివాళ్ళకు జనవరి ఒకటి కూడా క్రిస్మస్‌లో భాగమే. అప్పటిదాకా వచ్చేపోయే చుట్టాలకు పెట్టడానికి డబ్బాలో అరిసెలు, చెక్కలు, జంతికలు ఉండాలి. ఇరుగుపొరుగుకు పంపే పళ్ళాలూ ఇవే. మాంసం ముట్టని ఇంటికీ ఇవి నిశ్చింతగా వెళతాయి. సంక్రాంతికి అదే పళ్ళెం ఖాళీగా తిరిగిరాదు.

కేకు ఉండనివ్వండి, పిల్లల పండగ కదా. 1883లో కేరళలోని తలశ్శేరిలో మాంబళ్ళి బాపు ఒక దొర అడిగితే క్రిస్మస్ కేకు చేసి ఇచ్చాడని, మన దేశంలో ఆ కేకు కథ అక్కడ మొదలైందని చెబుతారు. అప్పటికి ఐదేళ్ళ కిందటే మన గుండ్లకమ్మ ఏటి ఒడ్డున వేలమంది క్రైస్తవులయ్యారు. కేకు తరవాత వచ్చిన చుట్టం. దానికో కుర్చీ వేయాలి గానీ ఇల్లంతా అప్పగించకూడదు.

పెద్దకూర సంగతి ఎవరూ పైకి మాట్లాడరు గానీ వంటలు అనుకునే చోట తప్పకుండా వస్తుంది. కొన్ని ఇళ్ళలో అది లేనిదే పండగ కాదు. అదే ఇంటికొచ్చే అల్లుడు ముట్టకపోవచ్చు. రెండు గిన్నెలు వేరుగా పెట్టి, ఎవరినీ నొప్పించకుండా వడ్డించే ఇళ్ళు ఒంగోలులో ఎన్నో ఉన్నాయి. వాళ్ళ పెద్దమనసు మెచ్చుకోవాలి. తిండికీ విశ్వాసానికీ ఇక్కడ మొదట్నుంచీ ముడి ఉంది. 1866లో ఒంగోలు వచ్చిన మిషనరీ జాన్ క్లౌ, యెర్రగుంట్ల పేరయ్యతోపాటు క్రైస్తవులైన మాదిగ కుటుంబాలకు మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు. చచ్చిన పశువే కూలిగా దక్కే రోజుల్లో ఆ మూడోది పాటించడం అంటే చిన్న త్యాగం కాదు.

ఆ తరవాత పదేళ్ళకే 1876–78 కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళకు అక్కడ పని ఇచ్చాడు. బోధకులే మేస్త్రీలయ్యారు. కరువులో గంజి కోసం క్రైస్తవులయ్యారన్న మాట రాకూడదని, సాయం అందుతున్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ జిల్లాలో ఇవాళ క్రిస్మస్ వంటలు అనుకునే కుటుంబాల్లో చాలావాటికి మూలం ఆ నీళ్ళ దగ్గరే ఉంది.

క్లౌ తవ్వించిన ఆ బకింగ్‌హామ్ కాలవ ఇప్పటికీ కొత్తపట్నం వైపు వెళ్ళేదారిలో కనిపిస్తుంది. అవతల సముద్రం, దారి పొడుగునా రొయ్యల చెరువులు. ఇరవై ఆరో తారీకుకి రొయ్యలు అక్కడినుంచే తెప్పించుకోవాలి. ముందురోజు మాంసం తిన్నవాళ్ళకు రొయ్యల వేపుడు, చారు, కొత్తగా దిగిన పండుమిరప దొరికితే గోంగూరతో కలిపి నూరిన పచ్చడి చాలు. రొయ్యలు చిన్నవైతే చింతచిగురు ఎండబెట్టింది వేసి వండుకోవచ్చు. ఏది చేసినా రొయ్య పొయ్యి మీద ఎక్కువసేపు ఉండకూడదు, ముడుచుకుని రంగు తిరగ్గానే దించేయాలి.